కేకలాయన ఓటు

మా నాన్న గొంతు నాలుగు వీధుల అవతలికి వినబడేది. కూతుర్ని కాబట్టి గొప్పలు పోతున్నాననుకోవద్దు, ఊళ్లో ఎవరినడిగినా ఆ మాటే చెప్పేవారు. పొద్దున్నే కూరగాయల టోకు మార్కెట్లో వేలం మొదలైతే, ఆ రోజు ఉల్లిపాయల బస్తా ఎంతకి పోయిందో మా వెనక వీధి ఆడవాళ్లు పొయ్యి దగ్గర కూర్చునే తెలుసుకునేవారు. నాన్నని అసలు పేరుతో పిలిచినవాళ్లని నేనెరగను. ఊరందరికీ ఆయన కేకలాయన. నేను కేకలాయన కూతుర్ని.

ఎన్నికలొస్తే ఆ గొంతుకి ఇంకో పని పడేది. అప్పట్లో మా దగ్గర ఓటు నోటితోనే వేసేవారు. కచేరీ ముందు కూడలిలో బల్ల వేసుకుని గుమాస్తా కూర్చునేవాడు, పక్కన నాన్న నిలబడేవాడు. మగవాళ్లు ఒక్కొక్కరే వచ్చి తమ ఓటెవరికో నాన్నతో చెప్పాలి. నాన్న దాన్ని కూడలంతా వినబడేలా కేకెయ్యాలి. "బళ్ల మేస్త్రి ఓటు, పెద్దాయనకీ!" అని నాన్న అరిస్తే గుమాస్తా గీత గీసేవాడు. దాపరికం లేదు కాబట్టి మోసం లేదని పెద్దలు చెప్పేవారు, నాన్న నమ్మేవాడు. మా తాత రోజుల్లో సొంతిల్లున్నవాళ్లకే ఓటుండేదట. ఆ కాసిని మందీ పెద్దాయన తండ్రి వరండాలో కూర్చుని మాట్లాడుకుంటే ఎన్నిక అయిపోయేదట. దానికన్నా ఇది ఎంతో నయం కదా అనేవాడు నాన్న. ఒక్కటే షరతు, కేకేసేవాడికి ఓటు లేదు. వాడు ఎటూ మొగ్గకూడదని రూలు. ఊరందరి ఓట్లూ పలికిన మా నాన్నకి తన ఓటంటూ ఏనాడూ లేదు.

పెద్దాయన అంటే గోదాముల యజమాని. మార్కెట్టు కాంట్రాక్టు కూడా ఆయనదే కాబట్టి మా ఇంట్లో పొయ్యి వెలిగేది ఆయన చలవ వల్లే. ప్రతిసారీ ఆయనే నెగ్గేవాడు. ప్రతిసారీ ఓడిపోయేది గడియారాలాయన. మెట్ల కింద ఇరుకు కొట్లో గడియారాలు బాగుచేసుకునే మనిషి. వెనక వీధులకి మంచినీళ్ల కొళాయిలు రావాలని ఆయన గోల. ఆయనకి ఓటేస్తే ఆ సంగతి పెద్దాయనకి తెలిసిపోతుందని జనానికి భయం. తెలిసిపోవడమేమిటి, మా నాన్న అరిచి మరీ చెప్పేవాడు.

ఒక ఎన్నికల్లో మా అన్నయ్య ఆ గడియారాలాయనకే ఓటేశాడు. అన్నయ్య పెద్దాయన గోదాముల్లో కాటా గుమాస్తా. నాన్న చెవి దగ్గరకి వంగి మెల్లగా చెప్పాడట. నేను పెరట్లో బట్టలారేస్తున్నాను. "కాటా గుమాస్తా ఓటు, గడియారాలాయనకీ!" అన్న కేక మిగతావాటికన్నా ఒకింత గట్టిగానే వినబడింది. కొడుకని మెత్తగా అరిచాడని ఎవరూ వేలెత్తి చూపకూడదు కదా. మర్నాడు అన్నయ్యని పనిలోంచి పూచికపుల్లని తీసేసినట్టు తీసేశారు. ఊళ్లో ఇంకెవరూ పనివ్వలేదు. స్నేహితులనుకున్నవాళ్లు ముఖం చాటేశారు. నెల తిరక్కుండానే అన్నయ్య సంచి సర్దుకున్నాడు. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగాడు.

"నేను మెల్లగానే చెప్పాను నాన్నా," అన్నాడు.

"అందరివీ ఎలా అరిచానో నీదీ అలాగే అరిచాను," అన్నాడు నాన్న.

"అదే నేనూ అంటున్నది."

ఆ తర్వాత వాళ్లిద్దరూ మాట్లాడుకోలేదు. అమ్మ మా చిన్నప్పుడే పోయింది. ఇక ఇంట్లో మిగిలింది నేనూ, నాన్నా. మార్కెట్లో గొంతు చించుకుని వచ్చిన మనిషి ఇంటికొస్తే పెదవి విప్పేవాడు కాదు. నేను కుట్టు షెడ్డులో పని ముగించుకుని వచ్చేసరికి గోడకానుకుని కూర్చుని ఉండేవాడు. పెట్టింది తినేవాడు, పళ్లెం కడిగి బోర్లించేవాడు, పడుకునేవాడు. ఇద్దరమున్న ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నట్టుండేది. కొన్ని సాయంత్రాలు నేనే కావాలని ఒక గిన్నె కింద పడేసేదాన్ని, చప్పుడు కోసం. ఆ చప్పుడుకి కూడా ఆయన తలెత్తేవాడు కాదు.

అన్నయ్య ఎక్కడో దూరాన రేవు పట్నంలో సరుకులు దింపించే పనిలో కుదిరాడు. నెలకో ఆదివారం మా షెడ్డు పక్కనున్న మందుల షాపుకి ఫోన్ చేసేవాడు. నాన్న ఎలా ఉన్నాడని అడిగేవాడు కాదు. నేనే చెప్పేదాన్ని. నేను చెబుతున్నంతసేపూ అవతల ఉలుకూ పలుకూ ఉండేది కాదు. ఇంటికెళ్లి అన్నయ్య ఫోన్ చేశాడని చెబితే ఇక్కడ నాన్న ఊ అనేవాడు, అంతే. నాన్నకి వయసు మీద పడుతోంది. ఈ ఇద్దరూ ఒక్క మాట మాట్లాడుకోకుండానే అంతా అయిపోతుందేమోనని నా బెంగ. నాకు అంతకన్నా పెద్ద కోరికలేమీ లేవు ఆ రోజుల్లో.

ఇలా ఉండగా మళ్లీ ఎన్నికల వేసవి వచ్చింది, దానితో పాటు కొత్త చట్టమూ వచ్చింది.

రేడియోలో చెప్పారు. ఇక నోటి ఓటు లేదు. తెర వెనక నిలబడి, కాగితం మీద బొమ్మ పక్కన పెన్సిలుతో గుర్తు పెట్టి, మడిచి పెట్టెలో వెయ్యాలి. ఎవరు ఎవరికి వేశారో చెప్పకూడదు, అడగకూడదు. ఆడవాళ్లకీ ఓటుంది. ఇదేమీ ఒక్కరోజులో ఊడిపడింది కాదని గడియారాలాయన కొట్టు దగ్గర అనుకునేవారు. మా అన్నయ్యలాంటివాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారట. వాళ్ల అర్జీలు, ఊరేగింపులు, ఒక ప్రభుత్వం కాదంటే ఇంకో ప్రభుత్వం సగం ఔననడం, ఇవన్నీ అయ్యాక ఇన్నేళ్లకి ఈ తెర దాకా వచ్చిందట.

ఆ తెరలు కుట్టే పని మా షెడ్డుకే వచ్చింది. ముదురాకుపచ్చ మందపాటి గుడ్డ. సూది దిగాలంటే వేళ్లు అరిగిపోయేవి. కొలతల దగ్గర పెద్ద గొడవే అయింది. తెర నేల దాకా ఉండకూడదట. లోపల ఒక్కరే ఉన్నారని తెలియడానికి కాళ్లు కనబడాలి, చేతులు మాత్రం కనబడకూడదు.

"మా ఆయనకి నా కాళ్లు చూస్తే చాలు, ఎవరికి వేశానో పసిగట్టేస్తాడు," అంది కాజాలక్క. షెడ్డులో కాజాలన్నీ ఆవిడే కుట్టేది, అందుకని ఆ పేరు.

ఐతే కాళ్లు మార్చుకుని వెళ్లమన్నాం. అందరం పగలబడి నవ్వాం. నవ్వీ నవ్వీ కాజాలక్క కళ్లు తుడుచుకుని, పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయనకి తెలియకుండా తాను దాచుకోబోయే మొదటి వస్తువు ఇదేనంది. ఆ తర్వాత అందరం మళ్లీ మిషన్ల మీదకి వంగాం. నేను ఇంట్లో ఎవరి నుంచి దాచుకోవాలి? అడిగేవాళ్లుంటే కదా దాచుకోవడం అనుకున్నాను.

ఆ సాయంత్రం నాన్న తనంతట తాను నోరు విప్పాడు. చాలా నెలలకి.

"మరి ఎవరు కేకేస్తారు?" అన్నాడు.

"ఎవరూ వెయ్యరు నాన్నా."

"మరి ఎవరెవరికి వేశారో ఎలా తెలుస్తుంది?"

"తెలియకూడదనే."

ఐతే నువ్వూ వేస్తావా అని అడిగాడు నాన్న. వేస్తానన్నాను. కేకేసేవాడంటూ లేడు కాబట్టి ఈసారి నుంచి నీకూ ఓటుందని చెప్పాను. నేను వేళాకోళమాడుతున్నాననుకుని కస్సుమన్నాడు. మర్నాడు కచేరీ గోడకి అంటించిన కాగితంలో ఆయన పేరు చదివి వినిపిస్తే గానీ నమ్మలేదు. నమ్మాక కూడా సంతోషించినట్టు కనబడలేదు. మార్కెట్టుకెళ్లి, ఆ రోజు వేలంలో రెండుసార్లు ధర తప్పు పలికాడట. మా నాన్న తప్పు పలకడమేమిటని బళ్లవాళ్లు వింతగా చెప్పుకున్నారు.

ఎండలు ముదిరాక పెద్దాయన మా ఇంటికొచ్చాడు. ఆయన మా గడప తొక్కడం అదే మొదలు. ఉన్న ఒక్క కుర్చీ దుమ్ము దులిపి వేశాను. వెనకొచ్చిన మనుషులు బయట నిలబడ్డారు. ఆయన చెడ్డగా మాట్లాడే మనిషి కాదు, మాట తేనెలా ఉండేది. నాన్నని కుశలం అడిగాడు. నాకు ఓటొచ్చినందుకు సంతోషించాడు, నాన్న చెప్పినచోట వెయ్యమన్నాడు. ఆ తర్వాత అసలు సంగతికొచ్చాడు.

"ఇన్నేళ్లూ నువ్వు కేకేస్తే నేను నిశ్చింతగా పడుకున్నానయ్యా. ఈ తెరలూ అవీ వస్తే ఏం జరిగిందో తెలియకుండా ఎలా పడుకోను? మనవాళ్లకి ఓటు నీకు చెప్పడం అలవాటు. బయటికి రాగానే నీ దగ్గరకే వస్తారు చూడు. గుమ్మం ముందు నీకో స్టూలు వేయిస్తాను. నువ్వు విను. సాయంత్రం నాకు చెప్పు. అరవక్కర్లేదు, చెవిలో చెప్పు చాలు."

నాన్న నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు. నేను నీళ్ల చెంబు పట్టుకుని అలాగే ఉండిపోయాను.

"నాకు చెవిలో చెప్పడం రాదండీ," అన్నాడు నాన్న.

పెద్దాయన గట్టిగా నవ్వాడు. నేర్చుకో అన్నాడు. మార్కెట్టుకి మైకు కొనమని కుర్రాళ్లు ప్రాణం తీస్తున్నారని, నాన్న మీద అభిమానం కొద్దీ తానే ఆగుతున్నానని చెప్పాడు. లేచి వెళ్తూ నాన్న భుజం తట్టాడు. నాన్న కాదనలేదు, ఔననలేదు. ఆయన వెళ్లిపోయాక కుర్చీని తీసుకెళ్లి మూలన పెట్టాడు.

కచేరీవాళ్లు ఓటెలా వెయ్యాలో నేర్పడానికి ఉత్తుత్తి పెట్టె ఒకటి పెట్టారు. నాన్న అటు వెళ్లనన్నాడు, జనం నవ్వుతారని. సరే, నేనే పెరట్లో తాడు మీద దుప్పటి వేసి, వెనక స్టూలు పెట్టి, దాని మీద కాగితం ముక్క, పెన్సిలు ఉంచాను. కాగితం మీద తాళం బొమ్మ ఒకటి, గడియారం బొమ్మ ఒకటి గీశాను. తాళం పెద్దాయన గుర్తు. నాన్న దుప్పటి వెనక్కి వెళ్లాడు. ఆయన పాదాలు నాకు కనబడుతున్నాయి. ఎంతసేపటికీ కదలవు. చివరికి ఏ గుర్తూ పెట్టకుండానే బయటికొచ్చాడు.

"లోపల ఒక్కణ్ణే ఉన్నట్టుందే అమ్మా," అన్నాడు.

ఒక్కరే ఉండాలి నాన్నా అన్నాను.

"ఇన్నేళ్లూ అందరూ నా దగ్గరకొచ్చి చెప్పారు. అక్కడ నేనెవరితో చెప్పాలి?"

దుప్పటి మడతపెట్టాను. ఆయన అలా పెరట్లోనే నిలబడిపోయాడు. వెళ్లి చెయ్యి పట్టుకోవాలనిపించింది. మా ఇంట్లో అలాంటి అలవాటు లేదు, నేనూ చెయ్యలేదు.

ఆ ఆదివారం అన్నయ్య ఫోన్ చేస్తే అంతా చెప్పాను. పెద్దాయన రావడం, స్టూలు సంగతి, దుప్పటి సంగతి. నీ పేరు ఇంకా మన ఊరి జాబితాలోనే ఉంది, వచ్చి ఓటెయ్యమన్నాను. ఇప్పుడు ఎవరూ అరవరు కదా అన్నాను.

"అరవరని తెలుసు," అన్నాడు అన్నయ్య. "ఆ కేక నా చెవిలో ఇంకా ఉంది. తెర కడితే పోతుందా?"

నాన్న మారాడు అన్నయ్యా అన్నాను. ఏం మారాడో అడిగితే చెప్పలేకపోయాను. గుమ్మం ముందు ఆ స్టూలు మీద కూర్చుంటాడో లేదో చూసి చెప్పమన్నాడు, అది తెలిస్తే తనకి చాలన్నాడు. ఫోన్ పెట్టేశాక మందులాయన నా ముఖం చూసి గ్లాసుడు మంచినీళ్లిచ్చాడు. ఆ సాయంత్రం ఇంటికి దారి మరీ పొడుగ్గా అనిపించింది.

ఎన్నిక రోజు నాన్న నాకన్నా ముందే లేచి తయారై వెళ్లిపోయాడు. నేను వెళ్లేసరికి పఠనాలయం ముందు పెద్ద వరస ఉంది. ఈసారి ఓటింగు కూడల్లో కాదు, పఠనాలయం గదిలో. గుమ్మానికి ఇవతల స్టూలు వేసి ఉంది. దాని మీద నాన్న కూర్చున్నాడు. అన్నయ్యకి ఏం చెప్పాలి? అబద్ధం చెబితే సరిపోతుందా అని కూడా ఆలోచించాను.

పెద్దాయన అన్నట్టే అయింది. చట్టం రాత్రికి రాత్రి మారుతుంది గానీ మనుషులు మారరు. లోపల మడిచి పెట్టెలో వేసి వచ్చిన ముసలివాళ్లు బయటికి రాగానే తిన్నగా నాన్న దగ్గరకొచ్చి, ఎప్పట్లాగే చెవి దగ్గరకి వంగేవారు. వాళ్లకి నాన్నతో చెబితే గానీ ఓటేసినట్టుండదు. వీధికి అవతల పెద్దాయన మనుషులు కళ్లలో వత్తులేసుకుని చూస్తున్నారు. నేను వరసలో ముందుకి జరిగాక గానీ నాన్న ఏం చేస్తున్నాడో అర్థం కాలేదు. ముందుకి వంగిన ప్రతి మనిషికీ అరచెయ్యి అడ్డం పెడుతున్నాడు.

"నాకొద్దు. ఎవరికీ చెప్పకు, ఇంటికెళ్లు," అంటున్నాడు.

బళ్ల మేస్త్రి ఐతే చిన్నబుచ్చుకున్నాడు. ఇన్నేళ్లూ నీకు చెప్పానే, ఇప్పుడు నేనేం తప్పు చేశానని నిలదీశాడు. నాన్న ఆయన్ని భుజాలు పట్టుకుని ఇంటివైపు తిప్పాడు. ఇలా చాలామంది అయ్యారు. నేను గుమ్మం దగ్గరకొచ్చేసరికి నాన్న స్టూలు మీంచి లేచి, చొక్కా సర్దుకుని, మగవాళ్ల వరసలో నిలబడ్డాడు. ఆయనకి ముందు చోటిచ్చారు. వీధికి అవతలివాళ్లు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు.

గదిలోకి మమ్మల్ని ఒకేసారి పిలిచారు. ఎన్నికల ఆఫీసరు పైనుంచి వచ్చిన మనిషి, ఊరికి కొత్త. నాన్నకి కాగితం ఇచ్చి తెర చూపించాడు. అది మా షెడ్డులో కుట్టిన ఆకుపచ్చ తెరే. నాన్న దాని వెనక్కి వెళ్లాడు. మళ్లీ ఆ పాదాలు. అరిగిపోయిన చెప్పులు, మడమల దగ్గర పగుళ్లు. కదలవు. ఆఫీసరు దగ్గాడు. ఇంకాసేపయింది. నేను వేలిగోళ్లు కొరుక్కుంటున్నాను.

"కేకలాయన ఓటు, గడియారాలాయనకీ!"

కిటికీ అద్దాలు ఘల్లుమన్నాయి. గుమాస్తా చేతిలో కలం జారి కిందపడింది. బయట వీధంతా ఒక్క క్షణం చప్పబడిపోయి, ఆ వెంటనే గొల్లుమంది. వరసలోవాళ్లు కడుపులు పట్టుకుని నవ్వుతున్నారు. పాపం కేకలాయన, అలవాటు పోలేదన్నారు. ముసలితనం అన్నారు ఇంకొందరు. తెర తొలగించుకుని నాన్న బయటికొచ్చాడు, కాగితం మడత చేతిలోనే ఉంది.

ఆఫీసరుకి ఏం చెయ్యాలో తోచలేదు. రూల్సు పుస్తకం తిరగేశాడు. పైకి చెప్పిన ఓటు చెల్లదండీ, పెట్టెలో వెయ్యడానికి లేదు అన్నాడు, నిజంగానే బాధపడుతూ. ఇంకో కాగితం కూడా ఇవ్వలేనన్నాడు. నాన్న తలూపి కాగితం ఆయన చేతిలో పెట్టేశాడు. అలవాటు అని అందరూ అంటుంటే ఔననలేదు, కాదనలేదు.

నాకు మాత్రం తెలిసింది. నాన్న అలవాటు ఇంకొకరు చెప్పింది అరవడం. ఆ తెర వెనక ఆయనకి ఎవరూ ఏమీ చెప్పలేదు. చెప్పించుకోకుండా మా నాన్న ఒక పేరు కేకేయడం పుట్టిన తర్వాత అదే మొదటిసారి. గుమ్మం వైపు వెళ్తూ నా పక్కన ఆగాడు.

"వినబడిందా?" అని అడిగాడు.

"వినబడింది నాన్నా."

ఆయన అడుగుతున్నది నన్ను కాదని కూడా తెలుసు. వినాల్సినవాడు ఆ కేక అందని దూరంలో ఉన్నాడు.

ఆ తర్వాత నా వంతు. తెర వెనక్కి వెళ్లాను. చిన్న బల్ల, దారంతో కట్టిన పెన్సిలు, ఇంకేమీ లేదు. బయట ఇంకా నవ్వులు వినబడుతున్నాయి. అంత దగ్గరగా అంతమంది ఉండగా అంత ఒంటరిగా నేనెప్పుడూ నిలబడలేదు. నాన్న అంతసేపు ఎందుకు కదల్లేదో అప్పుడర్థమైంది. కన్నీళ్లు వచ్చాయి, తుడుచుకున్నాను. గుర్తు పెట్టి, మడిచి, పెట్టెలో వేశాను. నేనెవరికి వేశానని ఆ రోజూ ఎవరూ అడగలేదు, ఆ తర్వాతా ఎవరూ అడగలేదు. కాజాలక్క ఒక్కతే షెడ్డులో నన్ను చూసి కన్ను గీటింది. అడగకపోవడమే ఆవిడ మర్యాద.

ఆ ఏడు కూడా పెద్దాయనే నెగ్గాడు. కాకపోతే ఎప్పట్లా ఊదిపారెయ్యలేదు, కిందా మీదా పడి నెగ్గాడు. ఎవరెవరు తనని కాదన్నారో తెలియక, నెలల తరబడి ఎదురుపడ్డ ప్రతివాడి ముఖంలోకీ చూస్తూ తిరిగాడు. మనిషి సగమైపోయాడు. పై ఎన్నికల్లో గడియారాలాయన నెగ్గడం, కొళాయిలు రావడం, ఆ తర్వాతెప్పుడో కాజాలక్క కూతురు అదే కచేరీలో కుర్చీ ఎక్కడం, ఇవన్నీ ఒకదాని వెనక ఒకటి తాపీగా జరిగాయి. అవి వేరే కథ. ఆ వేసవి మా ఇంట్లో జరిగింది మాత్రం ఒక్కటే. ఎన్నిక జరిగిన మర్నాడు నాన్న మార్కెట్టుకెళ్లేసరికి స్తంభానికి మైకు కట్టి ఉంది. గొంతు అలిసిపోయింది, ఇక విశ్రాంతి తీసుకో అన్నారట, ఎంతో ప్రేమగా.

నాన్న ఇంటికి తిరిగొచ్చి గోడకానుకుని కూర్చున్నాడు. పొద్దుటిపూట ఆయన ఇంట్లో ఉండటం నేనెన్నడూ చూడలేదు. మార్కెట్టు వైపు నుంచి మైకులో ఎవరో కుర్రాడి కేకలు, గరగరమని. నాన్న వింటున్నాడు. ఉల్లిపాయల ధర తప్పు చెబుతున్నాడే అన్నాడు. తెర చాటున చడీచప్పుడు లేకుండా గుర్తు పెట్టుంటే ఈ పాట్లు ఉండేవి కావు కదా అన్న మాట నా నోటిదాకా వచ్చి ఆగిపోయింది. నాకు జవాబు తెలిసిన ప్రశ్న అది.

ఆదివారం వచ్చింది. నేను మందుల షాపుకి బయల్దేరితే నాన్న చొక్కా తొడుక్కున్నాడు. ఎక్కడికని అడగలేదు నేను. రెండడుగులు వెనకగా నడుచుకుంటూ వచ్చాడు. షాపు గుమ్మంలోనే ఆగిపోయాడు, లోపలికి రమ్మంటే రాలేదు. ఫోన్ మోగింది.

అన్నయ్య అడక్క ముందే చెప్పేశాను. స్టూలు మీద కూర్చున్నాడనీ, ఎవరినీ ఓటు చెప్పనియ్యలేదనీ, తెర వెనక నిలబడి గడియారాలాయన పేరు కేకేశాడనీ. ఆ ఓటు చెల్లలేదనీ.

ఎప్పట్లాగే ఉలకడు, పలకడు అనుకున్నాను.

"తెర కట్టిందే ఎవరికీ తెలియకూడదని కదా," అన్నాడు అన్నయ్య. "ఎందుకలా చేశాడు?"

"నీకు తెలియాలని."

అన్నయ్య ఇంకొకటే అడిగాడు.

"పని?"

"పోయింది."

ఊపిరి తీసుకోవడం వినబడింది. ఎక్కడున్నాడని అడిగాడు. ఇక్కడే గుమ్మంలో నిలబడ్డాడన్నాను. ఇవ్వు అన్నాడు.

నేను రిసీవరు చాపాను. నాన్న నన్ను చూశాడు, రిసీవరుని చూశాడు, మెల్లగా లోపలికొచ్చాడు. రెండు చేతులతో పట్టుకుని చెవికి ఆనించుకున్నాడు. మందులాయన చెవులు మూసుకున్నంత పని చేసి అల్మారా వెనక్కి తప్పుకున్నాడు. నాన్న పెదవులు కదిలాయి. పక్కనే ఆనుకుని నిలబడ్డాను, ఐనా నాకు ఒక్క మాట అందలేదు. ఆయన కళ్లు మూసుకుని, వేళ్లు బిగించి, ఏదో చెబుతూనే ఉన్నాడు, చెబుతూనే ఉన్నాడు. నాకు వినబడిందల్లా రిసీవరులోంచి అన్నయ్య గొంతే.

"గట్టిగా మాట్లాడు నాన్నా," అంటున్నాడు. "నాకేం వినబడట్లేదు."